కోసుకొచ్చిన మూలిక ఉచితం కాదు

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థుల కోసం జరిగిన సాయంకాలం సభలో ఒక కామర్స్ అధ్యాపకుడి ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దలున్నారు, వెనకాల గోడ పక్కన నిలబడ్డ పిల్లలున్నారు. పిల్లలకి ఆటలు తెలుసు, పెద్దలకి వ్యాపారం తెలుసు. ఈ రెండూ కలిసే చోటు గురించి ఇవాళ మాట్లాడతాను. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో సరుకు తయారుచేసి, కొని, అమ్మి, ఆటలోపల చెల్లే డబ్బు ఎలా సంపాదిస్తారు అన్నది విషయం.

పెద్దల కోసం ముందు రెండు ముక్కలు చెప్తాను. ఈ ఆటల్లో వేలమంది ఒకే లోకంలో ఒకేసారి తిరుగుతుంటారు. ఒకరు రాక్షసుల్ని కొడతారు, ఒకరు గనిలో ఇనుము తవ్వుతారు, ఒకరు అడవిలో మూలికలు కోస్తారు. ఇంకొకరు ఆ ఇనుముతో కత్తి చేస్తారు, ఆ మూలికతో మందు కాస్తారు. తయారుచేసే పనిని క్రాఫ్టింగ్ అంటారు. సరుకంతా ఒక సంతకి వస్తుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో దాని పేరు ఆక్షన్ హౌస్, ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్, ఫైనల్ ఫాంటసీ 14లో మార్కెట్ బోర్డు. అక్కడ రేట్లు చాలావరకు ఆడేవాళ్ళే కడతారు. కొనేవాడూ మనిషే, అమ్మేవాడూ మనిషే.

దీన్ని పిల్లల వ్యవహారం అనుకోకండి. 2001లోనే ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా అనే ఆర్థికవేత్త ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలోని నోరాత్ లోకం మీద లెక్క కట్టారు. ఆ లోకపు తలసరి ఉత్పత్తి రష్యాకీ బల్గేరియాకీ మధ్యలో ఉందని ఆయన తేల్చారు. 2007లో ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటని నడిపే ఐస్‌లాండ్ కంపెనీ, ఆట లోపలి ఆర్థిక వ్యవస్థని కనిపెట్టుకుని ఉండడానికి ఏకంగా ఒక ఆర్థికవేత్తని ఉద్యోగంలోకి తీసుకుంది. ఆయన పేరు ఎయోల్ఫర్ గుడ్‌ముండ్‌సన్. తర్వాత ఆయన అక్కడి అకురేరి విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యారు.

సరే, అసలు విషయానికి వస్తాను. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది ఒకటే మాట చెప్తారు. "మాస్టారూ, నేను మూలికలు సొంతంగా కోసుకుంటాను. నాకు ఖర్చేమీ లేదు. మందు కాచి అమ్మితే వచ్చిందంతా లాభమే." ఈ మాట తప్పు. ఇది ఎందుకు తప్పో అర్థమైతే మిగతా వ్యాపారం సగం అర్థమైనట్టే. అందుకని దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

లెక్క వేద్దాం. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. ఒక మూలిక రేటు 40 గోల్డ్. గోల్డ్ అంటే ఆటలో చెల్లే డబ్బు. ఒక మందుకి 5 మూలికలు కావాలి. అంటే 200. సీసా ఒకటి కావాలి, అది దుకాణంలో 5 గోల్డ్. మొత్తం 205. ఇప్పుడు ఆ మందు ఆక్షన్ హౌస్‌లో 200కి అమ్ముడుపోతోందనుకోండి. వార్‌క్రాఫ్ట్‌లో అమ్మకం మీద 5 శాతం కమీషన్ పోతుంది. చేతికొచ్చేది 190. మూలికలు కొని చేసినవాడికి 15 గోల్డ్ నష్టం. ఇది అందరికీ కనిపిస్తుంది.

మరి సొంతంగా కోసుకొచ్చినవాడి సంగతి? వాడు సీసాకి 5 పెట్టాడు, 190 వచ్చింది, 185 లాభం అనుకుంటాడు. కానీ అవే 5 మూలికల్ని ఉన్నవి ఉన్నట్టుగా అమ్మి ఉంటే? 200లో కమీషన్ 10 పోయి 190 వచ్చేది. అంటే కష్టపడి మందు కాచి, 5 గోల్డ్ పోగొట్టుకున్నాడు. పోయినట్టు కూడా వాడికి తెలియదు, ఎందుకంటే సంచిలో డబ్బు పెరిగింది కదా.

ఇప్పుడు మందు రేటు 210 అయిందనుకోండి. కమీషన్ పోను 199న్నర. కొని చేసేవాడి ఖర్చు 205, కాబట్టి వాడికి ఇంకా నష్టమే, 5న్నర. కోసుకొచ్చినవాడికి మాత్రం సీసా తీసేస్తే 194న్నర మిగులుతుంది. మూలికగా అమ్మితే 190 వచ్చేది. అంటే వాడికి నాలుగున్నర లాభం. ఒకే రోజు, ఒకే మందు, ఒకే రేటు. ఒకడు చెయ్యొచ్చు, ఇంకొకడు చెయ్యకూడదు. తేడా ఎక్కడుందో చూశారా? మూలికలు అమ్మితే పోయే 10 గోల్డ్ కమీషన్ దగ్గరుంది. కోసుకొచ్చినవాడు మూలికని సంతకి తీసుకెళ్ళకుండా మందుగా మార్చి ఒక కమీషన్ తప్పించుకుంటున్నాడు. మందు రేటు 220కి వెళ్తే కమీషన్ పోను 209 వస్తుంది, అప్పుడు కొని చేసేవాడికి కూడా 4 గోల్డ్ మిగులుతుంది. ఆ రోజు నుంచి మందు కాచేవాళ్ళు పెరుగుతారు, రేటు మళ్ళీ దిగుతుంది. సంతలో చాలా సరుకులు రోజుల తరబడి ఈ 205కీ 220కీ మధ్యే ఊగుతుంటాయి. ఆ సన్నని సందులో ఎవరు నిలబడగలరో చెప్పేది మీ లెక్కల కాగితమే.

కోనసీమలో దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు. అంబాజీపేట మార్కెట్‌కి వెళ్ళే రైతుని అడగండి. కాయలు సొంత తోటవే. అయినా ఆయన పొద్దున్నే పచ్చికాయ రేటు అడుగుతాడు, కురిడీ, అంటే ఎండబెట్టిన కొబ్బరి, రేటు అడుగుతాడు. దింపు కూలి, వొలుపు కూలి వేసుకుంటాడు. కాయని నెలల తరబడి అటక మీద పెట్టి కురిడీ చేస్తే రేపు వచ్చే డబ్బు, ఇవాళ పచ్చికాయగా అమ్మితే వచ్చే డబ్బు కంటే నిజంగా ఎక్కువా కాదా అని చూసుకుంటాడు. సొంత చెట్టు కాయ కాబట్టి ఉచితం అని ఆ రైతు ఎప్పుడూ అనడు. ఆ లెక్క ఇంట్లో చూస్తూ పెరిగిన మన పిల్లలు ఆటలోకి వెళ్ళగానే దాన్ని పక్కన పెట్టేస్తున్నారని నా బాధ.

ఈవ్ ఆన్‌లైన్‌లో ఈ పొరపాటుకి పేరే పడిపోయింది. అక్కడ ఓడలు దాదాపు అన్నీ ఆటగాళ్ళే తయారుచేస్తారు. గ్రహశకలాలు తవ్వి ఖనిజం తీస్తారు, ట్రిటానియం వగైరా. "నేను తవ్వుకున్న ఖనిజం ఉచితం" అని కొత్తవాళ్ళు ఓడని ఖనిజం ధర కంటే తక్కువకి అమ్మేస్తుంటారు. పాతవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? ఆ ఓడల్ని కొని, కరిగించి, ఖనిజంగా అమ్ముకోవడానికి వీలుంటుందేమో చూస్తారు. మీరు ఉచితం అనుకున్నదాని విలువ వాళ్ళ జేబులోకి వెళ్తుంది.

ఇప్పుడు రెండో సంగతి. కొనేవాడు ఎవడు, ఎప్పుడు కొంటాడు?

వార్‌క్రాఫ్ట్‌లో వారానికోసారి రీసెట్ ఉంటుంది. అమెరికా సర్వర్లలో మంగళవారం, యూరప్‌లో బుధవారం. పెద్ద పెద్ద గుహలన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి. గిల్డులు, అంటే ఆటగాళ్ళ జట్లు, ఆ సాయంత్రం నుంచి రెయిడ్‌కి, అంటే అందరూ కలిసి పెద్ద రాక్షసుల్ని కొట్టడానికి, బయల్దేరతాయి. ఒక్కొక్కరికీ మందులు కావాలి, భోజనాలు కావాలి, చచ్చి లేచిన ప్రతిసారీ కొన్ని మళ్ళీ కావాలి. వాళ్ళకి అప్పుడు బేరమాడే ఓపిక ఉండదు, ఇరవైమంది ఎదురుచూస్తుంటారు. మూలికలు కోసేవాళ్ళు మాత్రం సెలవు రోజున తీరిగ్గా కోసి, అదే రోజు సంతలో పోస్తారు. కాబట్టి ముడిసరుకు మామూలుగా వారాంతంలో చవక, మందు రీసెట్ రోజున ప్రియం. ఆదివారం కొని, మంగళవారం అమ్మేవాడు ఒక్క రాక్షసుణ్ణి కూడా కొట్టకుండా సంపాదిస్తాడు. ఇందులో మోసమేమీ లేదు. ఎవరూ అడగని రోజున సరుకు ఎత్తి, అడిగే రోజుకి అందించాడు.

ఇంకోటి ప్యాచ్. కంపెనీ ఆటని మారుస్తుంది, ఒక కత్తికి బలం పెంచుతుంది, దాంతో దానికి కావాల్సిన లోహం రేటు లేస్తుంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో కొత్త మార్పుల్లో చాలావాటిని ముందుగా ఆటగాళ్ళ ఓటుకి పెడతారు. ఆ ప్రకటన శ్రద్ధగా చదివేవాళ్ళు చాలా తక్కువ. మార్పు వచ్చిన రోజున అందరూ పరిగెడతారు, అప్పటికే రేటు లేచి ఉంటుంది. వార్‌క్రాఫ్ట్‌లో కొత్త ఎక్స్‌పాన్షన్, అంటే ఆటకి కొత్తగా చేర్చే పెద్ద భాగం, వస్తే పాత సరుకు చాలావరకు ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది. గోడౌన్ నిండా పాత లోహం పెట్టుకుని కూర్చోకండి.

మూడోది దూరం. మనవాళ్ళలో ఫోన్ మీద ఆడేవాళ్ళు ఎక్కువ, అందుకని ఆల్బియన్ ఆన్‌లైన్ సంగతి చెప్తాను. అది 2017లో వచ్చింది, 2021లో ఫోన్లలోకి వచ్చింది. అందులో ఒక్కో నగరానికి సంత వేరు. థెట్‌ఫర్డ్‌లో లోహం శుద్ధి చేస్తే సరుకు ఎక్కువ వెనక్కి వస్తుంది, ఫోర్ట్ స్టెర్లింగ్‌లో కలప, లిమ్‌హర్స్ట్‌లో నార, మార్ట్‌లాక్‌లో తోలు, బ్రిడ్జ్‌వాచ్‌లో రాయి. అంటే ఏ ముడిసరుకునైనా దాని ఊరికి మోసుకెళ్తేనే గిట్టుబాటు. మధ్యలో కెయర్లియన్ అనే నగరం ఉంది. అక్కడి బ్లాక్ మార్కెట్ ఆటగాళ్ళు చేసిన ఆయుధాలు కొంటుంది. ఆ ఆయుధాలే తర్వాత రాక్షసుల దగ్గర దొరుకుతాయి. రేటు మంచిదే, కానీ ఆ నగరం చుట్టూ ఎర్ర ప్రాంతాలు. దారిలో ఎవరైనా మిమ్మల్ని చంపితే మోస్తున్న సరుకంతా పోతుంది.

ఇక్కడ పిల్లలు ఏం చేస్తారంటే, రెండు ఊళ్ళ రేట్ల తేడా చూసి మొత్తం డబ్బు పెట్టి ఒకే గుర్రం మీద ఎక్కించేస్తారు. అలా చెయ్యకండి. పదిసార్లు వెళ్తే ఒకసారి దోచుకుంటారనుకోండి, మిగిలిన తొమ్మిదిసార్లు వచ్చే లాభం ఆ ఒక్క నష్టాన్ని మోయగలగాలి. ఒక్కో ట్రిప్పుకి మీ లాభం పెట్టుబడిలో 8 శాతమే అయితే తొమ్మిదింటికి 72 శాతం, పోయింది నూటికి నూరు. చాలదు. 15 శాతమైతే 135 వస్తుంది, అప్పుడు బయల్దేరొచ్చు. రేటు తేడా చూడగానే ముందు ఈ లెక్క, తర్వాతే గుర్రం.

ఈవ్‌లో జిటా అనే పెద్ద బజారుంది. అక్కడ కొని దూరం తీసుకెళ్ళి అమ్మేవాళ్ళ బతుకూ ఇదే. అక్కడ యుద్ధం జరిగితే వ్యాపారికి పని. 2014 జనవరిలో ఒక కూటమి తన ప్రాంతానికి కట్టాల్సిన బిల్లు కట్టకపోవడంతో మొదలైన యుద్ధంలో 75 టైటన్ ఓడలు కూలిపోయాయి. టైటన్ అంటే ఆ ఆటలో అన్నిటికంటే పెద్ద ఓడ. నష్టం విలువ అసలు డబ్బులో దాదాపు 3 లక్షల డాలర్లని అంచనా వేశారు. అన్నేసి ఓడలు మళ్ళీ కట్టాలంటే ఎంత ఖనిజం కావాలో ఆలోచించండి. వస్తువు పాడవ్వకపోతే, పోకపోతే, క్రాఫ్టింగ్ చేసేవాడికి రెండోసారి బేరం రాదు. ఒకసారి కొంటే జన్మంతా ఉండే వస్తువు కంటే తాగేసే మందు, పేలిపోయే ఓడ మంచి సరుకు అనేది అందుకే.

డబ్బు ఎక్కడ పుడుతుందో కూడా తెలియాలి. రాక్షసుణ్ణి కొడితే రాలే నాణేలు, క్వెస్ట్‌కి, అంటే ఆట అప్పజెప్పిన పనికి, ఇచ్చే బహుమతి, ఇవి కొత్తగా పుట్టే డబ్బు. కమీషన్లు, రిపేర్లు, గుర్రాల ధర, ఇవి డబ్బు మాయమయ్యే దారులు. పుట్టేది ఎక్కువైతే రేట్లన్నీ లేస్తాయి. అందుకే కంపెనీలు పెద్ద పెద్ద ఖర్చులు పెడతాయి. 2007లో వార్‌క్రాఫ్ట్‌లో ఎగిరే వాహనం వేగంగా నడపడం నేర్చుకోవాలంటే 5000 గోల్డ్. అప్పట్లో అది పెద్ద మొత్తం. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో 2021 చివర్లో అమ్మకం మీద 1 శాతం పన్ను పెట్టారు, 2025లో దాన్ని 2 శాతం చేశారు. ఆ పన్నులో కొంత పెట్టి కంపెనీయే సంతలోని వస్తువులు కొని మాయం చేస్తుంది, రేటు మరీ పడిపోకుండా.

వ్యాపారం చేసేవాడు మాత్రం ఒక్క నాణెం కూడా పుట్టించడు. మీ సంచిలోకి వచ్చిన ప్రతి గోల్డూ ఇంకో ఆటగాడి సంచిలోంచి వచ్చిందే. వాడు ఎందుకిచ్చాడు? మీరు వాడికి గంట సమయం మిగిల్చారు కాబట్టి. ఆ గంట ఏమిటో మీకు తెలియాలి.

మోసాల గురించి ఒక్క మాట. ఈవ్‌లో ఒకప్పుడు ఇలా చేసేవారు. ఒక అరుదైన వస్తువుని చాలా ఎక్కువ రేటుకి కొంటానని ఆర్డర్ పెడతాడు. అదే వస్తువుని కొంచెం తక్కువకి తనే ఇంకో పేరుతో అమ్మకానికి పెడతాడు. మీరు ఆశపడి కొంటారు, అటు అమ్మబోతే ఆ ఆర్డర్ వెనక డబ్బుండదు, రద్దయిపోతుంది. పద్ధతులు మారతాయి, ఆశ మారదు. ఏ ఆటలోనైనా ఒకే వస్తువుకి ఒక్కడే కొనేవాడు కనిపిస్తే ఆగండి. నీ గోల్డ్ ఇవ్వు, రెట్టింపు చేసి ఇస్తానన్నవాడితో అసలు మాట్లాడకండి.

(ముందు వరసలోంచి ఒక పెద్దాయన: "ఏమండీ మాస్టారూ, ఇంతా చేస్తే రూపాయలొస్తాయా?")

మంచి ప్రశ్న అడిగారండి. రావు, రాకూడదు. ఆట గోల్డ్‌ని బయట రూపాయలకి అమ్మడం, కొనడం ఈ ఆటల నిబంధనలకి విరుద్ధం. దొరికితే అకౌంట్ పోతుంది, ఏళ్ళ కష్టం పోతుంది. అలా బయట అమ్మే గోల్డ్‌లో దొంగిలించిన అకౌంట్ల నుంచి ఊడ్చుకొచ్చింది చాలా ఉంటుంది. చవగ్గా వస్తోందని కొనే కుర్రాడు తన స్నేహితుడి అకౌంట్‌ని దోచినవాడికి డబ్బు కడుతున్నాడేమో ఆలోచించుకోవాలి. కంపెనీలే పెట్టిన దారి ఒకటుంది. వార్‌క్రాఫ్ట్‌లో టోకెన్, ఈవ్‌లో ప్లెక్స్, రూన్‌స్కేప్‌లో బాండ్. ఆట లోపల బాగా సంపాదించినవాడు ఆ గోల్డ్‌తో వాటిని కొని చందా కట్టుకోవచ్చు. అంటే ఇంట్లో డబ్బు అడక్కుండా ఆడుకోవచ్చు. అంతవరకే.

ఇంకో భయం కూడా మీ మనసులో ఉండి ఉంటుంది. పేకాట యాప్‌ల వల్ల మన ఊళ్ళలో ఇళ్ళు ఎలా గుల్లయ్యాయో మీరూ చూశారు, నేనూ చూశాను. డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నేను చెప్తున్నది అది కాదండి. ఇక్కడ రూపాయి పెట్టడం లేదు, రూపాయి ఆశించడం లేదు. పిల్లవాడు అప్పు అడుగుతున్నాడంటే, ఓటీపీ చెప్పమంటున్నాడంటే మాత్రం అది వేరే ఆట. వెంటనే అడ్డుపడండి.

(ఒక విద్యార్థిని: "సార్, క్రాఫ్టింగ్ లెవెల్ పెంచడానికే చాలా ఖర్చవుతోంది. అది పెట్టుబడా, నష్టమా?")

నువ్వు ఏం చేస్తున్నావన్న దాన్ని బట్టి ఉంటుందమ్మా. అందరూ ఒకే దారిలో లెవెల్ పెంచుతారు, ఒకే చవక బాకులు వందల్లో చేస్తారు. అందుకే ఆ బాకులకి రేటుండదు, వాటి ముడిసరుకుకి మాత్రం మంచి రేటుంటుంది. కొత్త ఎక్స్‌పాన్షన్ మొదటి వారాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు లెవెల్ పెంచడానికి పరిగెత్తే వందమంది కంటే, వాళ్ళకి ఇనుము అమ్మేవాడు బాగుపడతాడు. డబ్బు తక్కువున్నవాళ్ళు మొదట ముడిసరుకు అమ్మండి, రేట్లు దిగాక ఆ డబ్బుతో లెవెల్ పెంచుకోండి. పెంచాక కూడా అందరూ చేసే వస్తువు చెయ్యకు. అరుదైన రెసిపీ ఒకటి సంపాదించు. వారానికి నాలుగే అమ్ముడుపోయినా ఒక్కోదానిలో మిగులు ఉంటుంది, అమ్మేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

(వెనక నుంచి: "మాస్టారూ, నేను పెట్టిన ప్రతిదానికీ ఎవడో ఒక గోల్డ్ తగ్గించి పెడుతున్నాడు. టెన్షన్ వస్తోంది.")

తగ్గించనీ బాబూ. ఫైనల్ ఫాంటసీలో కూడా ఒక్క గిల్ (అక్కడి డబ్బు) తగ్గించి పెడుతూనే ఉంటారు. నువ్వు రాత్రంతా కూర్చుని మళ్ళీ మళ్ళీ రేటు తగ్గిస్తుంటే ఆ రాత్రి నీ ఖర్చు. వార్‌క్రాఫ్ట్‌లో అయితే లిస్ట్ చేసి వెనక్కి తీసుకున్న ప్రతిసారీ కట్టిన డిపాజిట్ కూడా పోతుంది. వాడి దగ్గర సరుకు కొంచెమే ఉంటే అది అమ్ముడుపోయేదాకా ఆగు, తర్వాత నీదే. వాడు నీ ముడిసరుకు ఖర్చు కంటే కిందికి దిగాడంటే మాత్రం పోటీ పడకు. వాడి సరుకే నువ్వు కొనెయ్. ఖనిజం ఉచితం అనుకునేవాడు వాడే కావచ్చు.

ఇంక నేను ఎక్కువ మాట్లాడను. ఫోన్లలో ఆట ఉన్నవాళ్ళు ఇటు బల్లల దగ్గరికి రండి. ఎవరి ఆటలో వాళ్ళు ఒక వస్తువు తీసుకోండి. దాని రేటు, కమీషన్, ముడిసరుకు ఇవాళ్టి రేటు, ఈ మూడూ కాగితం మీద వెయ్యండి. నేను ఒక్కొక్కటీ చూస్తాను. పెద్దవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటే మంచిది, కమీషన్ తీసెయ్యడం మీకు మాకంటే బాగా తెలుసు.